రాజు పోయాక ఆరు నెలలు

1760 అక్టోబరు 25 ఉదయం. లండన్ కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో రెండో జార్జి రాజు అలవాటు చొప్పున ఆరింటికే లేచి, వేడి చాక్లెట్ తాగి, మరుగుదొడ్డికి వెళ్ళాడు. కాసేపటికి లోపల ధబ్బున పడ్డ చప్పుడైంది. నౌకరు పరుగెత్తేసరికి రాజు నేల మీద ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ముప్పై మూడేళ్ళ ఏలుబడి అక్కడితో సరి. ఆ కబురు ఓడెక్కి అట్లాంటిక్ దాటి అమెరికాలోని బోస్టన్ చేరేసరికి డిసెంబరు 27 అయింది.

కబురు విని అక్కడి కస్టమ్స్ అధికారులు ఏడ్చారో లేదో గాని, గడువు మాత్రం లెక్కపెట్టుకున్నారు. వాళ్ళ దగ్గర 'రిట్ ఆఫ్ అసిస్టెన్స్' అనే కాగితం ఉండేది. దొంగసరుకు ఉందని అనుమానం వస్తే చాలు, పగటిపూట ఎవరి గిడ్డంగికైనా, దుకాణానికైనా, ఇంటికైనా వెళ్ళి, తలుపు తీయకపోతే పగలగొట్టి వెతకొచ్చు. ఫలానా ఇల్లని రాయక్కర్లేదు, ఫలానా సరుకని రాయక్కర్లేదు. నేను జిల్లా కోర్టుల్లో కాపీయిస్టుగా చేరి శిరస్తదారుగా రిటైరైనవాణ్ణి. సెర్చి వారంటులో ఇంటి నంబరు తప్పు పడిందని మేజిస్ట్రేటు కాగితం తిప్పి పంపితే మళ్ళీ రాసుకొచ్చిన చెయ్యి ఇది. ఇలాంటి వారంటు కూడా లోకంలో ఉండేదని చదివితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దానికి ఉన్న గడువల్లా ఒక్కటే: ఏ రాజు పేరున పుట్టిందో ఆ రాజు బతికున్నన్నాళ్ళూ, ఆ పైన ఆరు నెలలు. అంటే 1761 ఏప్రిల్ 25తో పాత రిట్లన్నీ చిత్తుకాగితాలే.

కొత్త రాజు మూడో జార్జి పేరున కొత్త రిట్లు ఇవ్వమని కస్టమ్స్ వాళ్ళు మసాచుసెట్స్ సుపీరియర్ కోర్టుకెక్కారు. బోస్టన్ వర్తకులు అడ్డం తిరిగారు. 1761 ఫిబ్రవరిలో టౌన్‌హౌస్‌లోని కౌన్సిల్ గదిలో వాదనలు. ప్రభుత్వం తరఫున వాదించాల్సిన జేమ్స్ ఓటిస్ ఆ ఉద్యోగమే వదులుకుని వర్తకుల పక్షాన, ఫీజు ముట్టకుండా నిలబడ్డాడు. ఎదుటి పక్షాన ఉన్న జెరెమయా గ్రిడ్లీ ఆయనకు వకీలు విద్య నేర్పిన సీనియరే. నాలుగైదు గంటలు ఏకబిగిన మాట్లాడాడట ఓటిస్. ఓ మూల కూర్చుని నోట్సు రాసుకున్న ఇరవై అయిదేళ్ళ కుర్ర వకీలు జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడయ్యాడు. స్వాతంత్ర్యమనే బిడ్డ పుట్టింది ఆ గదిలోనేనని ముసలితనంలో రాసుకున్నాడు. ఇంతా చేసి ఓటిస్ గెలవలేదు. చీఫ్ జస్టిస్ హచిన్సన్ తీర్పు ఆపి, లండన్‌లో ఆచారమేమిటో కనుక్కుని, ఏడాది చివర్లో రిట్లు ఇచ్చేశాడు. ఏదేమైనా పెద్దాయన ఇంకో పదేళ్ళు బతికుంటే పాత కాగితాలే నడిచేవి, ఆ వాదన అప్పుడు జరిగేదే కాదు.

అసలు రాజు చావుకూ కస్టమ్స్ వాడి కాగితానికీ ముడి ఏమిటి? మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు బయట అరుగు మీద కూర్చున్న దస్తావేజు లేఖరిని అడిగినా చెబుతాడు: జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చినవాడు పోతే జీపీఏ కూడా పోయినట్టే. ఇంగ్లండులో ఉద్యోగమంటే అచ్చంగా ఇదే. జడ్జీ గాని, మంత్రి గాని, సైన్యంలో కెప్టెన్ గాని ఫలానా రాజు తన పేరున, తన ముద్రతో ఇచ్చిన కమిషన్ పట్టుకుని పని చేసేవాడు. ఇచ్చిన చెయ్యి చల్లబడితే కమిషనూ చెల్లదు. పార్లమెంటు కూడా రాజు పిలిస్తే వచ్చినదే గనుక రాజు పోతే రద్దు. కోర్టుల సంగతి ఇంకా విడ్డూరం. మన దగ్గర వాదో ప్రతివాదో చనిపోతే తొంభై రోజుల్లో వారసుల్ని రికార్డు మీదికి తెచ్చుకోవాలి, లేకపోతే దావా అబేట్ అవుతుంది. అక్కడ పార్టీలిద్దరూ నిక్షేపంలా ఉన్నా, రాజు పోతే దావాలు ఆగిపోయేవి, మళ్ళీ సమన్లు తీయించుకోవాల్సి వచ్చేది. 1547లో ఎనిమిదో హెన్రీ పోయి తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కాకే, దావాలు అలా ఆగిపోకూడదని చట్టం చేశారు.

తమాషా ఏమిటంటే, సింహాసనం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదని, పాత రాజు కన్ను మూసిన క్షణానే కొత్త రాజు రాజైపోతాడని అదే ఇంగ్లీషు లా పండితులు పుస్తకాల నిండా రాశారు. రాజరికానికి చావు లేదట, రాజరికం ఇచ్చిన కాగితానికి మాత్రం ఉందట. నూట యాభై ఏళ్ళకు పైగా ఈ రెండు మాటలనూ ఒకే నోటితో చెప్పారు. ఎవరికీ ఎబ్బెట్టు అనిపించినట్టు లేదు.

అది సరిదిద్దడం మొదలైంది ఉద్యోగుల మీద జాలితో కాదు, భయంతో. 1696లో మూడో విలియం రాజును దారి కాచి చంపాలన్న కుట్ర బయటపడింది. గద్దె పోగొట్టుకుని ఫ్రాన్సులో ఉన్న రెండో జేమ్స్ మనుషుల పని అది. చంపేస్తే ఏమవుతుంది? ఆ పూటే పార్లమెంటు రద్దు, సైన్యాధికారుల కమిషన్లు రద్దు, ఆజ్ఞ ఇచ్చేవాడుండడు, వినాల్సినవాడుండడు. సముద్రం అవతల నుంచి జేమ్స్ దిగబడడానికి అంతకంటే మంచి ముహూర్తం ఏముంటుంది? అందుకని రాజు పోయినా పార్లమెంటు ఆరు నెలలు బతికే ఉంటుందని, సైన్యపు కమిషన్లూ అలాగే చెల్లుతాయని ఆ ఏడాదే చట్టాలు చేశారు. 1702లో విలియం కుట్రకు కాక గుర్రం మీంచి పడ్డ దెబ్బకు పోయాడు. రాణి ఆన్ వచ్చాక తక్కిన ఉద్యోగాలకూ ఆ ఆరు నెలల గడువే వచ్చింది.

ఆన్‌కు పదిహేడు కాన్పులైనా ఒక్క బిడ్డా దక్కలేదు. వారసులు జర్మనీలోని హనోవర్‌లో ఉన్నారు. ఆమె పోయిన రోజున కొత్త రాజు ఎక్కడో పరదేశంలో ఉంటాడని ముందే తెలుసు. కాబట్టి ఆ సందును కూడా చట్టంతో పూడ్చారు. 1705లోనూ 1707లోనూ చేసిన చట్టాల ప్రకారం, రాణి పోగానే ప్రీవీ కౌన్సిల్ ఎక్కడిదక్కడే ఉంటుంది, ముద్రలు పాతవే చెల్లుతాయి, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, లార్డ్ చాన్సలర్ వంటి ఏడుగురు పెద్ద ఉద్యోగులు రాజు వచ్చేదాకా రాజ్యం నడుపుతారు. వాళ్ళతో పాటు ఎవరెవరుండాలో వారసుడు ముందే రాసి, మూడు ప్రతులు సీలు వేయించి లండన్‌లో దాచిపెట్టించాడు. ఒకటి ఆర్చిబిషప్పు దగ్గర, ఒకటి చాన్సలర్ దగ్గర, ఒకటి హనోవర్ రాయబారి దగ్గర. సీలు కవరు ఎవరి చేతిలో ఉంది, ఎవరెదుట విప్పాలి అన్నది ఎంత పెద్ద వ్యవహారమో కోర్టులో పనిచేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

1714 ఆగస్టు 1, ఆదివారం పొద్దున ఆన్ పోయింది. ఆ వేళే కవర్లు విప్పారు, ఆ వేళే మొదటి జార్జిని రాజుగా చాటించారు, ఆదివారమని కూడా చూడకుండా పార్లమెంటు కూర్చుంది. జార్జి మాత్రం నింపాదిగా సెప్టెంబరు 18న గ్రీనిచ్ రేవులో దిగాడు. ఏడు వారాలు! ఆ ఏడు వారాలూ రాజు లేని దేశంలో పన్నులు వసూలయ్యాయి, ఓడలు కదిలాయి. రాజు స్థానంలో ఉన్న ఆ పెద్దలకు కార్యదర్శిగా రాతకోతలు చూసింది ప్రఖ్యాత వ్యాసకర్త జోసెఫ్ ఆడిసన్. పాత సర్కారులో చక్రం తిప్పిన బోలింగ్‌బ్రోక్‌ను కొత్త రాజు ఇంగ్లండు గడ్డ మీద కాలు పెట్టకముందే ఉత్తరం రాసి పీకేశాడు. అంటే ఆరు నెలల గడువనేది ఉద్యోగికి భరోసా కాదు. రాజు తీసేదాకా నువ్వు కదలకు అన్న తాఖీదు.

ఆ సంగతి అందరికంటే ఎక్కువ తెలిసొచ్చింది జడ్జీలకు. నడవడి సరిగ్గా ఉన్నంతకాలం జడ్జీని రాజు తీయకూడదని 1701 చట్టం చెప్పింది. బాగానే ఉంది గాని, రాజే పోతే? కమిషన్ ఇచ్చినవాడు లేడు కాబట్టి కొత్తవాడు మళ్ళీ ఇస్తే ఉంటావు, లేకపోతే లేదు. 1702లోనూ 1714లోనూ కొందరు జడ్జీలకు అలా కొత్త కమిషన్ రాలేదు. నేరమేమీ లేదు, పాత రాజు మనుషులన్న పేరు తప్ప. రాజు ముసలివాడైతే తీర్పు రాసే చెయ్యి రాబోయే రాజు మొహం చూసి రాయదా? నేను చూసినంతలో జడ్జీలు ధైర్యవంతులే, కానీ బదిలీల సీజన్లో వాళ్ళూ మనుషులే. 1761 మార్చి 3న మూడో జార్జి స్వయంగా పార్లమెంటుకు వచ్చి, రాజు పోయినా జడ్జీల ఉద్యోగాలు పోకుండా చట్టం చేయమని అడిగాడు. కొత్త కుర్రరాజుకు జేజేలు పలికి వెంటనే చేశారు.

ఆ వరం ఇంగ్లండు జడ్జీలకే. అదే ఏడాది డిసెంబరులో అమెరికా వలసల గవర్నర్లకు తాఖీదు వెళ్ళింది: మీ దగ్గర జడ్జీలకు కమిషన్లు రాజు ఇష్టం ఉన్నంతకాలానికే ఇవ్వాలి, నడవడి మాటే రాయకూడదు. న్యూజెర్సీ గవర్నరు జోసయా హార్డీ ఆ మాట పెట్టి ఇచ్చినందుకు ఆయన ఉద్యోగమే ఊడింది. పాత రాజు చావుతో అక్కడి కమిషన్లన్నీ కొత్తగా రాయాల్సి రావడంతోనే ఈ రగడ రేగింది. పదిహేనేళ్ళ తర్వాత, 1776 స్వాతంత్ర్య ప్రకటనలో జార్జి మీద రాసిన ఫిర్యాదుల పట్టీలో, జడ్జీల కొలువునూ జీతాన్నీ తన ఒక్కడి ఇష్టానికి కట్టేశాడన్నది కూడా ఎక్కింది.

ఇంతకీ ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మన వైపు ఎలా ఉండేదని నాకు కుతూహలం. గోదావరి, కృష్ణ తీరాల కలెక్టర్లు కంపెనీ నౌకర్లు, వాళ్ళకు ఉద్యోగమిచ్చింది రాజు కాదు. లండన్‌లో రాజులు పోయినా మచిలీపట్నం కచేరీలో ఒక్క కుర్చీ కదలాల్సిన పని లేదు. కంపెనీ వాటాదారులు పుడతారు, పోతారు గాని కంపెనీకి చావు లేదు. రాజరికానికి చావు లేదని పండితులు పుస్తకాల్లో రాసుకున్న మాట కంపెనీ వర్తకుల విషయంలోనే ముందు నిజమైంది! మద్రాసులో రాజు కోర్టు, అంటే 1801లో పెట్టిన సుప్రీంకోర్టు జడ్జీలు మాత్రం రాజముద్ర మీద వచ్చినవాళ్ళు. ఒకే ఊళ్ళో రెండు రకాల కాగితాల మీద దొరతనం నడిచేది.

సముద్రాలవతల ఆరు నెలలు ఏ మూలకూ చాలవని 1830కి గాని తట్టలేదు. రాజు పోయిన కబురు చేరడానికి నెలలు, కొత్త కమిషన్ రావడానికి ఇంకా నెలలు. ఈలోగా గడువు దాటిపోతే గవర్నరు పెట్టిన సంతకాలు చెల్లుతాయా చెల్లవా? నాలుగో జార్జి పోయిన ఆ ఏడాది, వలసల్లో ఉద్యోగాలకు గడువు పద్దెనిమిది నెలలు చేశారు. సైన్యపు కమిషన్లకు 1837లో గడువే తీసేశారు. పార్లమెంటుకు 1867లో తీసేశారు. ఎక్కడ చినిగితే అక్కడ అతుకు వేసుకుంటూ పోయారే తప్ప, ఒక్కసారిగా మొత్తం బట్ట మార్చలేదు.

విక్టోరియా రాణి అరవై మూడేళ్ళు ఏలింది. రాజు మారితే ఏం చేయాలో చేసి చూపించగల ఉద్యోగి 1901 నాటికి ఎవడూ కొలువులో లేడు. ఆమె జనవరి 22న పోయింది. ఆరు నెలలంటే జులై 22. అందరూ పూర్వపు పద్ధతిలోనే పని చేసుకోండని ఏడో ఎడ్వర్డ్ ప్రకటన ఇచ్చాడు. ఇక ఈ పీడ శాశ్వతంగా వదిలించుకోవాలని జులై 2న చిన్న చట్టం తెచ్చారు. ఇంకా ఇరవై రోజులుందనగా! మా ఆఫీసుల్లో మార్చి 31కి ముందు బిల్లులు కదిలే తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. చట్టంలో అసలు మాట ఒక్కటే: రాజు చావు వల్ల ఏ ఉద్యోగానికీ ఏమీ కాదు, మళ్ళీ నియామకం అక్కర్లేదు. దేశం లోపలైనా, బయటైనా. పైగా అది కిందటి రాణి పోయిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు రాశారు. మద్రాసు రాజధానిలో కలెక్టర్లు ఈసరికి కంపెనీ నౌకర్లు కారు, 1858 నుంచి రాణిగారి ఉద్యోగులు. కాబట్టి ఈ ఒక్క వాక్యం నీడ వాళ్ళ మీదా పడింది. ఆ చట్టం బ్రిటన్‌లో ఇప్పటికీ ఉంది. 2022 సెప్టెంబరు 8న రెండో ఎలిజబెత్ పోతే ఒక్క అధికారి కమిషన్ కూడా చెడలేదు, పెద్ద వకీళ్ళ పేర్ల వెనక 'క్వీన్స్ కౌన్సెల్' 'కింగ్స్ కౌన్సెల్'గా మారడం తప్ప. కానీ యువరాజుగా చార్లెస్ ఉన్న క్లారెన్స్ హౌస్‌లో ఆయన సొంత సిబ్బందికి, దాదాపు వంద మందికి, వారం తిరక్కుండానే ఉద్యోగాలు పోవచ్చని నోటీసులందాయి. ఆ వేళకు ఎడిన్‌బరోలో రాణి కోసం ప్రార్థన జరుగుతోంది. చట్టం కాపాడేది సర్కారు కొలువును, ఇంటి కొలువును కాదు.

హైదరాబాదు దారి వేరు. అక్కడ ఇలాంటి చట్టమేదీ లేదు, ఉన్నది సాలార్‌జంగ్. 1853లో పినతండ్రి సిరాజుల్ ముల్క్ పోతే, ఇరవై నాలుగేళ్ళ వయసులో దివాన్ అయ్యాడు. నాలుగేళ్ళకు, 1857 మేలో, ఉత్తరాదిన తిరుగుబాటు అంటుకున్న నెలలోనే నిజాం నాసిరుద్దౌలా పోయాడు. కొత్త నిజాం అఫ్జలుద్దౌలాకు దివాన్‌ను మార్చే తీరికేదీ? ఆ జులైలోనే తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో ఇంగ్లీషు రెసిడెన్సీ మీద దాడికి వెళ్ళారు. తీరిక దొరికాక, 1861లోనూ 1867లోనూ, దివాన్‌ను వదిలించుకోవాలని అఫ్జలుద్దౌలా చూశాడు. రెండుసార్లూ ఇంగ్లీషు రెసిడెంటు అడ్డుపడ్డాడు. కాగితం నిజాందే గాని కుర్చీ కింద దన్ను వేరేవాళ్ళది. 1869 ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా పోతే వారసుడు మహబూబ్ అలీకి మూడేళ్ళు కూడా నిండలేదు. పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, సాలార్‌జంగ్, అమీరెకబీర్ షంసుల్ ఉమ్రా కలిసి రాజ్యం నడిపారు. కింద తివాచీ మీద, బూట్లు విప్పి కూర్చునే ఇంగ్లీషు అధికారులు బూట్లతో కుర్చీలెక్కింది కూడా ఆ గద్దె మార్పిడితోనే. రాజు పోయి రాజు కుదురుకునే సందులో ఎవరికి కావాల్సింది వాళ్ళు జరుపుకుంటారు.

ముగ్గురు నిజాములను చూసి, 1883లో కలరాతో పోయాడు సాలార్‌జంగ్. నా లెక్కలో ఆయన చేసిన అసలు పని మాత్రం 1865 నాటి జిలాబందీ. శిస్తు గుత్తకు తీసుకుని జనాన్ని పిండే పాత తాలూకాదార్ల చోట, జీతం తీసుకునే అవ్వల్ తాలూకాదార్లనీ, తహసీల్దార్లనీ జిల్లాల్లో పెట్టాడు. గుత్తదారుకు దర్బారులో తన మనిషి ఉంటేనే బతుకు. జీతగాడికి దఫ్తరు ఉంటే చాలు. 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ పోయి ఉస్మాన్ అలీ వచ్చినప్పుడు దివాన్ కిషన్ పర్షాద్ కుర్చీ మరుసటి ఏడాదికే మూడో సాలార్‌జంగ్‌కు మారింది. 1914లో దివాన్ గిరీనే పక్కన పెట్టి నిజాం తానే పగ్గాలు పట్టుకున్నాడు. పైన ఇంత జరిగినా కింద జిల్లాల్లో తహసీలు కచేరీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు మన ఉద్యోగం రాజ్యాంగం 310వ అధికరణం కింద రాష్ట్రపతి ఇష్టం మీదో, గవర్నరు ఇష్టం మీదో నడుస్తుంది. మాట ఇంగ్లండు నుంచి వచ్చినదే, కానీ చావుతో ముడి తెగిపోయింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోయారు. ఒక్క గుమాస్తాకూ కొత్త ఆర్డరు రాలేదు. పాత పద్ధతి ఇంకా బతికున్నది మంత్రుల దగ్గరే. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. మర్నాడు ఆచూకీ దొరికింది, ఆ సాయంత్రమే రోశయ్య గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ముఖ్యమంత్రి పోతే ఆయన మంత్రివర్గమూ పోయినట్టే లెక్క. అందుకని పాత మంత్రులే పాత శాఖలకు మళ్ళీ ప్రమాణం చేయాల్సి వచ్చింది, అది కూడా కొందరు మొరాయించి, బతిమాలించుకున్నాక. ప్రభుత్వ ప్లీడర్లు, అదే జీపీలూ, ప్రభుత్వం మారితే బల్ల సర్దుకునేవాళ్ళే గనుక, మా కోర్టు వరండాలో ఆ వారం వాళ్ళ గుసగుసలే ఎక్కువ వినబడ్డాయి.

ఆ నెలలో మా సెక్షనుకు వచ్చిన జీవోలు నేనే ఫైల్లో పెట్టించాను. ముఖ్యమంత్రి పోకముందు వచ్చినవీ, పోయాక వచ్చినవీ. అడుగున బ్రాకెట్లలో అదే వరస: ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఉత్తర్వు ప్రకారం, ఆయన పేరున. ఏ గవర్నరో పేరుండదు. డిసెంబరులో తివారీ గారు రాజీనామా చేసి నరసింహన్ గారు వచ్చినా, సచివాలయంలో టైపు చేసే పిల్లకు ఆ వరసలో ఒక్క అక్షరం మార్చే పని పడలేదు.